తాళం వేస్తే తెరుచుకునే తలుపు

జర్మనీవాడు ఏటా మార్చిలో మన దగ్గర ఒక గంట లాక్కుంటాడు, అక్టోబరులో తిరిగి ఇచ్చేస్తాడు. మధ్యలో ఉన్న కాలానికి సమ్మర్ టైమ్ అని పేరు. పోయినేడు వాడు గంట లాక్కున్న ఆదివారం పొద్దున మా ఆవిడ గిరిజ ఎష్‌బోర్న్ స్టేషన్లో రైలు తలుపు ముందు ఆగిపోయింది. గంట తిరిగి ఇచ్చిన ఆదివారం పొద్దున మా ఇంట్లో ఇంకో తలుపు ముందు ఆగిపోయింది. ఈ రెండు తలుపుల మధ్య ఇరుక్కున్న వేసవి సంగతి చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. మా ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోరు.

ఆగిపోయిందంటే అలిగి అనుకునేరు. గిరిజకి పార్కిన్సన్. పార్కింగ్ దొరకని ఊళ్ళో మనకి పార్కిన్సన్ దొరికిందే అన్నాను, జబ్బు పేరు తెలిసిన రోజే, డాక్టరు గది బయట. ఆవిడ నవ్వింది. అప్పటినుంచి మా కాపురం ఆ నవ్వు మీదే నడుస్తోంది. భూకంపానికి రిక్టరు, చేతికంపానికి డాక్టరు. లోకంలో అందరూ మందు వేసుకుంటే పడిపోతారు, మా ఆవిడ మందు వేసుకుంటే లేచి నిలబడుతుంది. ఇలాంటివి నా దగ్గర బస్తాల కొద్దీ ఉన్నాయి. వృత్తిరీత్యా నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని, తప్పులు పట్టడం నా బతుకుతెరువు. ప్రవృత్తిరీత్యా ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ప్రతి పండక్కీ మైకు పట్టడం నా బలహీనత. పేరు చలపతి. గిరి కదలదు, చలపతి నిలవడు అని పెళ్ళిలో మా బావమరిది చదివిన పద్యం ఇంత అక్షరసత్యమవుతుందని అప్పుడు తెలియదు.

ఈ జబ్బులో చేతులు వణకడం అందరికీ తెలుసు, కాళ్ళు అతుక్కుపోవడం చాలామందికి తెలియదు. బాగానే నడిచే మనిషి, గుమ్మం వచ్చేసరికి, రైలుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు వచ్చేసరికి, పాదాలకి మేకులు కొట్టినట్టు నిలబడిపోతుంది. మనసు పదమంటుంది, కాళ్ళు పోమంటాయి.

ఆ ఆదివారం నేను రైలెక్కేశాను, ఆవిడ కిందే ఉండిపోయింది. తలుపు మూసుకోబోతూ కీచుమంటోంది. నేను కాలు అడ్డం పెట్టి, చెయ్యి పట్టుకుని లాగాను. లాగేకొద్దీ బిగుసుకుంది. వెనకాల సైకిలుతో నిలబడ్డ పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. లోపల ఒక ముసలావిడ ఏదో గొణిగింది. నాకు ఒళ్ళు మండింది. గిరిజ డాన్సు క్లాసులో పిల్లల్ని ఎలా గదమాయిస్తుందో సరిగ్గా అలాగే వెక్కిరిస్తూ చప్పట్లు కొట్టాను.

"తెయ్యుం తత్త తెయ్యుం తా! ఏం, కాళ్ళు ఎవరికైనా అరువిచ్చావా?"

కుడికాలు లేచింది. 'తా' దగ్గర పెట్టెలో పడింది. ఎడమకాలు దాని వెనకే వచ్చింది. తలుపు మూసుకుంది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఇంకోసారి అనండి," అంది గిరిజ.

వెక్కిరింపుగా మొదలైంది వైద్యమై కూర్చుంది. న్యూరాలజిస్టు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికేలోపు మనిషే టెర్మినేట్ అయిపోయే దేశం కదా, చివరికి దొరికినప్పుడు ఆ డాక్టరమ్మని అడిగాం. లయ వినిపిస్తే కొందరికి కాళ్ళు కదులుతాయి, మెదడులో పాత దారి మూసుకుపోతే కదలిక ఆ లయ దారిన వెళ్తుంది అంది. ఇంకేం, గుమ్మం గుమ్మానికీ జతి చెప్పడం నా డ్యూటీ అయింది. సూపర్ మార్కెట్ దగ్గర, లిఫ్టు దగ్గర, నడివయసు మొగుడూ పెళ్ళాలు చప్పట్లు కొట్టుకుంటూ లోపలికి వేంచేయడం ఎష్‌బోర్న్ జనమంతా చూశారు. లోకంలో తలుపులన్నీ తాళం వేస్తే మూసుకుంటాయి. తాళం వేస్తే తెరుచుకునే తలుపు మా ఆవిడొక్కతే.

"అడుగు వేయాలంటే నన్నడుగు," అనేవాణ్ణి.

"అడుక్కోవడం ఒక్కటే తక్కువైంది," అనేది.

*

మే నెలలో, రోడ్ల పక్కన స్పార్గెల్ అనే తెల్ల కూరకాడలు అమ్మే గుడిసెలు వెలిసిన రోజుల్లో, జగన్మోహన్, వైశాలి మా ఇంటికి వచ్చారు. వాళ్ళది కరీంనగర్. వాళ్ళమ్మాయి అక్షయ పాలపళ్ళ వయసు నుంచీ గిరిజ దగ్గర కూచిపూడి నేర్చుకుంటోంది. అక్టోబరు చివరి శనివారం రంగప్రవేశం, అంటే మొదటిసారి ఒక్కతే నిండు కచేరీ ఆడటం. గిరిజ చేతుల మీదుగా రంగమెక్కుతున్న మొదటి శిష్యురాలు.

రంగప్రవేశంలో ఆడేది శిష్యురాలైనా ఆడించేది గురువు. స్టేజీకి ఒక పక్కన కూర్చుని, చేతిలో కంచు తాళాలు వాయిస్తూ, నోటితో జతులు చెబుతూ కచేరీ మొత్తాన్నీ గుప్పిట్లో పెట్టుకోవాలి. దాన్ని నట్టువాంగం అంటారు. ఆ చోట కూర్చునే రోజు కోసమే గిరిజ ఇన్నేళ్ళూ చర్చి హాల్లో, హీటరు పనిచేయని సాయంత్రాల్లో, పిల్లల్ని అరమండి భంగిమలో కూర్చోబెట్టింది. ఇంకే చోటూ ఆవిడకి అక్కర్లేదు.

వైశాలి స్పార్గెల్ కట్ట బల్ల మీద పెట్టి దాన్ని సర్దుతూ మొదలుపెట్టింది. "అక్కా, ఏమనుకోవద్దు. మీకు శానా శ్రమైతది. మంచిగ ముందల కూసొని జూడుండ్రి. జార్‌బ్రూకెన్ల ఒక పిలగాడున్నడట, ఈశ్వర్ అని. కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చేస్తుండు. చిన్నప్పటి సంది నట్టువాంగం వాయిస్తడట."

"ఎందుకూ, నేను చచ్చానా?" అంది గిరిజ.

"అయ్యో, గట్లంటరేందక్కా!"

"జబ్బు నా చేతికి వచ్చింది వైశాలీ, చెవికి రాలేదు."

జగన్మోహన్ నా వైపు తిరిగాడు. "చలపతన్నా, నువ్వన్న చెప్పరాదే."

"మైకు లేకపోతే ఈ ఇంట్లో నా మాట ఎవరికీ వినపడదయ్యా."

గిరిజ లేచి షెల్ఫులోంచి తాళాలు తీసింది. నిలబడే ఒక దెబ్బ కొట్టింది. శుభ్రంగా, గుండ్రంగా మోగింది. రెండో దెబ్బ వేసేలోపే ఎడమచేతి తాళం వెళ్ళి కుడిచేతి తాళాన్ని గలగలా తాకింది, చలికి పళ్ళు కొట్టుకున్నట్టు. ఆపుదామని ఆవిడ బిగించేకొద్దీ ఆ గలగల ఎక్కువైంది. అందరం స్పార్గెల్ కట్ట వైపు చూశాం.

"పాపం," అంది వైశాలి. మెల్లగానే అంది.

ఆ మాట వినపడకపోతే ఈ కథ అక్కడే అయిపోయేది. గిరిజ తాళాలు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "నోరు నాది, చేతులు ఈయనవి. అక్టోబరుకి తయారు చేస్తాను."

"ఎవర్ని?" అన్నాను.

తాళి కట్టినవాడికి తాళం కూడా రావాలని ఏ పెళ్ళిమంత్రంలోనూ లేదు. గుమ్మం దగ్గర కొట్టే చప్పట్లు వేరు, నట్టువాంగం వేరు. చప్పట్లకి చేతులుంటే చాలు.

*

పై అంతస్తు ముసలాయన ఈ తాళాలకి తాళలేనని జర్మన్లో చెప్పిపోయాక మేం కెల్లరులోకి దిగాం. కెల్లరంటే బిల్డింగు కింద నేలమాళిగ. ఒక పక్క సైకిళ్ళు, ఒక పక్క వాషింగ్ మెషీన్లు, మధ్యలో చాప. బయట ఎండ పేలిపోతుంటే అక్కడ చల్లగా, సబ్బు వాసనగా ఉండేది.

పాఠం మొదలైన రోజునే గిరిజ 'ఏవండీ' మానేసి 'నువ్వు'లోకి దిగింది.

"శిష్యుణ్ణి మీరంటే చెయ్యి లేవదు," అంది.

చెయ్యి లేవడమంటే ఏమిటో అప్పుడే తెలిసింది. పిల్లలకి లయ కొట్టి చూపించే కర్రతో మోకాలి మీద ఒకటి ఇచ్చింది. వణికే చేతిలోంచి వచ్చే దెబ్బ ఎక్కడ పడుతుందో నాకూ తెలియదు, ఆవిడకీ తెలియదు. గురిపెట్టిన చోట తప్ప మిగతా అన్నిచోట్లా పడింది.

"తాళానికి గతులు ఐదు," అంది ఒకరోజు. "తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం. నీది ఆరోది."

"ఏమిటది?"

"అధోగతి."

ఇలాంటి జోకులు మా ఇంట్లో నా వాటా. అవి కూడా లాగేసుకుంది.

"నీ చేతులు వణకవు. నీకున్న అర్హత అదొక్కటే," అనేది. "తల ఊపకు, జనం నీకేదో అర్థమైందనుకుంటారు." "నా వైపు చూడకు. ఆడేవాళ్ళ పాదాలు చూడు. నట్టువాంగం చేసేవాడికి మొహాలతో పనిలేదు." ఇంటికొచ్చిన అల్లుడికి పెట్టే పిండివంటల్లా, రోజుకో రకం పెట్టేది. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. "నీ చేతిలో కర్ర కంటే ఫ్యాను నయం, ఊగినందుకు గాలైనా వస్తుంది," అనేవాణ్ణి. వాషింగ్ మెషీనులోంచి బట్టలు తీసుకోవడానికి వచ్చిన పక్కింటి అమ్మాయి మేం కొట్టుకుంటున్నామనుకుని ఒకసారి పోలీసుల్ని పిలవమంటారా అని అడిగింది. ఎవరి కోసమో చెప్పలేదు.

రోజంతా ఇలా సాగేదనుకోకండి. అంతా మాత్ర మీద ఆధారం. మాత్ర వేసుకున్న కాసేపటికి ఆవిడ మనిషి, దాని బలం దిగిపోగానే బొమ్మ. తాళంలో కాలాన్ని కొలిచేదాన్నీ మాత్రే అంటారు కాబట్టి, మాది మాత్రకి మాత్రకి మధ్య నడిచే సంగీతం. ఫోన్లో మాత్రలకి అలారాలు పెట్టాను. అలారం మోగితే సైన్యం కదలాలి.

ఒక మధ్యాహ్నం నా దెబ్బ ఎంతకీ తాళం మొదలయ్యే సమం మీద పడకపోతే, ఆవిడ కర్ర పక్కన పడేసి నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ నా మణికట్ల మీద వేసింది. నా చేత కొట్టించింది. వణుకు నా ఎముకల్లోకి వచ్చేసింది. మూల ఉన్న మెషీను గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ముగ్గురం కలిసి వణికాం. చిత్రంగా తాళం మాత్రం సరిగ్గా పడింది.

"పెళ్ళైన కొత్తలో కూడా నా చెయ్యి ఇంతసేపు పట్టుకోలేదు నువ్వు," అన్నాను.

"మాట్లాడకు. తప్పుతావు," అంది. కానీ చేతులు తియ్యలేదు.

ఆగస్టు వచ్చేసరికి నాకు చేతులొచ్చాయి. అక్షయ సైకిలు మీద వచ్చి కెల్లరులోనే ఆడేది. తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, కాలివేళ్ళతో అంచు పట్టుకుని, పళ్ళేన్ని నడిపిస్తూ ఆడాలి. సిమెంటు నేల మీద ఆ పళ్ళెం గీరుకుంటూ వస్తుంటే నా పళ్ళు జివ్వుమనేవి.

"అంకుల్, యూ ఆర్ నాట్ హారిబుల్," అందొకరోజు చెమట తుడుచుకుంటూ.

"పొగడకు. వాడికి అలవాటు లేదు," అంది గిరిజ. పిల్ల ముందు 'వాడు' కూడా అయ్యాను.

నాకు చేతులు వచ్చే వేళకి ఆవిడ గొంతు పోవడం మొదలైంది. జబ్బు గొంతులోకి కూడా వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, ఎప్పుడో చెప్పలేదు. జతి చివరికొచ్చేసరికి మాటలు ఒకదాన్నొకటి తోసుకుని పరిగెత్తేవి. లేదా గుమ్మం ముందు కాళ్ళలాగే నోరు మధ్యలో నిలబడిపోయేది. అప్పుడు నేను ఆవిడ వైపు తిరిగి ఒక దెబ్బ గట్టిగా వేసేవాణ్ణి. నోరు తెరుచుకునేది. అక్షయ కనిపెట్టకుండా సర్దేసేవాళ్ళం. ఇది మా ఇద్దరి రహస్యం, ఒకరితో ఒకరం కూడా అనుకోలేదు.

*

సెప్టెంబరు చివర్లో హాల్లోనే రిహార్సల్ పెట్టారు. బ్యూర్గర్‌హౌస్ అంటారు దాన్ని, ఊరి జనం కోసం కట్టిన హాలు. బర్గర్ తప్ప అన్నీ దొరుకుతాయక్కడ. హాలెండు నుంచి పాటగత్తె, మృదంగం వాయించే ఆయన వచ్చారు. ఈశ్వర్ కూడా వచ్చాడు. వీపుకి సంచీ, నూనూగు గడ్డం, రైలు ఆలస్యమైందని క్షమాపణలు.

"నమస్కారం మేడమ్. వైశాలి ఆంటీ రమ్మన్నారండి. ఊరికే చూద్దామని..."

"చూడు నాయనా," అంది గిరిజ. "చూస్తే పోయేదేముంది? పోయేదంతా నాకే."

అతను వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. జగన్మోహన్ నన్ను చూసి బొటనవేలు పైకెత్తాడు. మొదటి మూడు అంశాలూ బాగా నడిచాయి. నేను చెమటలు కక్కుతూ అక్షయ పాదాలనే చూస్తూ వాయించాను. గిరిజ గొంతు సన్నగా ఉన్నా మైకు ఆదుకుంది. తెర చాటున వైశాలి కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఇంక ఈశ్వర్ సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోవచ్చు అనుకున్నాను.

తరంగం మొదలైంది. అక్షయ పళ్ళెం అంచుల మీదకి ఎక్కింది. పాట ఆగింది. ఇప్పుడు గిరిజ జతి చెప్పాలి, దాని చివర, జతిని ముగించే తీర్మానం దగ్గర ఒంటికాలి మీద నిలబడ్డ పిల్ల రెండో పాదాన్ని తిరిగి అంచు మీదకి దించాలి. గిరిజ అందుకుంది. "తద్ధీం తకిట తకధిమి తక..." అక్షయ కాలెత్తింది.

గిరిజ నోరు ఆగిపోయింది.

నేను ఆవిడ వైపు తిరిగాను. వేసవంతా చేసినట్టే తిరిగాను. ఆ పెదవులు చూస్తూ ఒక దెబ్బ గట్టిగా వేశాను. తెరుచుకోలేదు. ఇంకోటి వేశాను. ఆగాను. ఆవిడ వచ్చేదాకా ఆగాలి కదా. నాకు ఆ క్షణంలో హాలు లేదు, మృదంగం లేదు. రైలు తలుపు కీచుమంటోంది, ఆవిడ కింద ఉంది, అంతే.

పళ్ళెం గంటలా మోగింది.

అక్షయ గడ్డం నేలకి కొట్టుకుంది. వైశాలి కేక పెట్టింది. అందరూ పరిగెత్తారు. పిల్ల లేచి కూర్చుని, పెదవి మీద నెత్తురు నాలుకతో తుడుచుకుంటూ, "ఆలెస్ గూట్, ఆలెస్ గూట్, టీచర్, ఐయామ్ ఓకే," అంది. ఒంటికాలి మీద నిలబెట్టి వదిలేసిన పిల్ల మాకు ధైర్యం చెబుతోంది.

గిరిజ అక్షయ దగ్గరికి వెళ్ళలేదు. కూర్చున్న చోటే కూర్చుని నన్ను అడిగింది.

"నీ కళ్ళు ఎక్కడున్నాయి?"

"నీ మీద."

"పళ్ళెం మీద ఎవరున్నారు?"

ఆవిడ వెనక వరస వైపు తిరిగి, ఇందాక పలకని గొంతుతోనే, హాలంతా వినపడేలా పిలిచింది.

"ఈశ్వర్, వచ్చి కూర్చో నాయనా."

అతను స్టేజీ కిందికి వచ్చి నిలబడ్డాడు. "మేడమ్, మీ ప్లేసులో నేనెలా అండీ?"

"ప్లేసు పడిపోయే పిల్లది. నాది కాదు."

"నేను దిగిపోతాను," అన్నాను. "అతను వాయిస్తాడు. నువ్వు చెప్పు. నువ్వుండు గిరిజా."

"నోరొకరిదీ చెయ్యొకరిదీ అయితే అది నట్టువాంగం కాదు, సంసారం," అంది. పాటగత్తె నవ్వబోయి ఆపుకుంది. "ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ కూర్చోవడానికి మనకి ఇల్లుంది. దిగండి."

ఎండాకాలమంతా వినని మర్యాద అది. తాళాలు ఈశ్వర్ చేతిలో పెట్టాను. అతను వాటిని నా చెమట పోయేలా కండువాతో తుడిచాడు. తప్పేం లేదు, ఎవరైనా తుడుస్తారు.

*

అక్టోబరు చివరి శనివారం. మైకు నాది, ఆ ఒక్కటీ ఎవరూ లాక్కోలేదు. వచ్చినవాళ్ళకి స్వాగతం చెప్పాను, జగన్మోహన్ ఆఫీసు నుంచి వచ్చిన జర్మన్లకి గజ్జెపూజ అంటే ఏమిటో చెప్పాను. గురువు తన చేతులతో శిష్యురాలికి గజ్జెలు అందిస్తుంది, వాటిని కట్టుకున్నాకే పిల్ల ఆడుతుంది అని. గిరిజ పట్టుచీరలో స్టేజీ మీదకి వచ్చింది. గుమ్మం దగ్గర నేను మైకు పక్కకి పెట్టి జతి గొణిగాను, ఎవరికీ తెలియకుండా దాటింది.

గజ్జెలు పళ్ళెంలోంచి తీసి రెండు చేతులతో ఎత్తింది. అవి మోగడం మొదలుపెట్టాయి. అక్షయ వంగి రెండు చేతులూ చాపింది, గిరిజ ఆ చేతుల్లో పెట్టాలి. పెట్టబోతే వణుకు పెరిగింది. గజ్జెలన్నీ ఒక్కసారిగా, ఆగకుండా, కచేరీ మధ్యలో ఆడేటప్పుడు మోగినట్టు మోగుతున్నాయి. ముందు వరసలో ఒకావిడ మొహం పక్కకి తిప్పుకుంది. 'పాపం' అనే మాట ఎవరి నోట్లోనో తయారవుతోంది. నాకు తెలుసు. ఆ మాట బయటికి రాకముందే మైకులో అన్నాను.

"పిల్ల ఇంకా కట్టుకోనేలేదు, గజ్జెలు ముందే కచేరీ మొదలెట్టేశాయండీ! వీటికి జీతం ముందే ఇచ్చారా ఏమిటి జగన్మోహన్‌గారూ?"

ఎవరూ నవ్వలేదు. వైశాలి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. స్టేజీ మీద గిరిజ ఒక్కతే పకపకా నవ్వింది, తల వెనక్కి వేసి నవ్వింది. ఆ నవ్వులోనే గజ్జెలు అక్షయ చేతుల్లో పడ్డాయి.

తర్వాత ఈశ్వర్ వాయించాడు. బాగా వాయించకపోతే బాగుండునని కూర్చున్నాను. తప్పులు పట్టడం నా బతుకుతెరువని చెప్పాను కదా, ఒక్కటి దొరకలేదు. అతను ఎవరి మొహమూ చూడలేదు. అక్షయ పళ్ళెం మీద కాలెత్తినప్పుడు అతని కళ్ళు ఆ పాదం మీదే ఉన్నాయి. పాదం దిగే చోటికి తాళం వెళ్ళి ఎదురుచూసింది. జనం లేచి నిలబడ్డారు. జర్మన్లు ఇంకా ముందే లేచారు. గిరిజ ముందు వరసలో ఎడమచేతిని తొడ కింద నొక్కిపెట్టుకుని కూర్చుంది. జతులన్నీ పెదవులతో చెబుతూనే ఉంది. గాలికి కూడా వినపడలేదు.

"ఎలా వాయించాడు?" అన్నాను చెవి దగ్గర.

"మీకంటే బాగా."

"నీకంటే?"

"నాకంటే కూడా."

భోజనాల వేళ హాలు గుమ్మంలో ఆవిడ కాళ్ళు అతుక్కుపోయాయి. వెనక పులిహోర పళ్ళేలతో జనం ఆగారు. నేను గొంతు సవరించుకుని చప్పట్లకి చేతులెత్తాను. అప్పుడే వరండాలో ఈశ్వర్, మెచ్చుకునేవాళ్ళ మధ్య నిలబడి, అక్షయకి ఏదో తీర్మానం మళ్ళీ చెప్పి చూపిస్తున్నాడు. "తకధిమి తకఝణు తకతరికిటతోం." గిరిజ పాదం దానికి లేచింది. గుమ్మం దాటి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నా వైపు చూడనైనా లేదు. ఎత్తిన చేతులు ఊరికే దించడం బాగుండదని తలుపు పట్టుకున్నాను. పళ్ళేలతో ఉన్నవాళ్ళందరూ నాకు డాంకె చెప్పి వెళ్ళారు.

*

మర్నాడు ఆదివారం. రాత్రి నిద్రలో ఉండగా జర్మనీవాడు గంట తిరిగి ఇచ్చేశాడు. ఫోన్లు వాటంతట అవే వెనక్కి జరిగాయి, ఫోన్లో ఉన్న మాత్ర అలారమూ జరిగింది. గిరిజ ఒళ్ళు మాత్రం పాత టైములోనే ఉంది, దానికి మాత్ర గంట ఆలస్యం. వాడు ఇచ్చిన గంట ఆవిడ ఒంట్లోంచి తీసి ఇచ్చాడన్న సంగతి, ప్రతి టెస్టు కేసూ ముందే ఊహించే నాకు తోచలేదు.

తెల్లగా తెల్లవారింది. వంటింట్లో కాఫీ కలుపుతుంటే, "ఏవండీ," అని సన్నగా వినపడింది. వెళ్ళి చూస్తే బాత్రూం గుమ్మం ముందు నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడ మీద, ఇంకో చెయ్యి చీర కుచ్చెళ్ళ దగ్గర. నిన్నటి పూలు జడలోనే ఉన్నాయి.

"తొందరగా," అంది.

"తెయ్యుం తత్త తెయ్యుం తా!"

కదల్లేదు. ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా చప్పట్లు కొట్టాను. తొందర నా చేతుల్లోకి వచ్చేసింది. ఎక్కడ మొదలుపెట్టానో ఎక్కడ తప్పానో తెలియడం లేదు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఆ మొహం నన్ను చూస్తోంది.

"తప్పు," అంది.

మళ్ళీ మొదలుపెట్టాను.

"తప్పు. దెబ్బ ముందు పడుతోంది."

"గిరిజా, ఇప్పుడా! దాటవే బాబూ, దాటు ముందు!"

ఆవిడ కళ్ళు మూసుకుంది. ముందు చప్పుడు వినపడింది, తర్వాత నేల మీద కనపడింది. ఆవిడ పాదాల చుట్టూ పరుచుకుని నా చెప్పుల దాకా వచ్చింది. ఇద్దరం కిందికి చూశాం. వంటింట్లో ఫోను మోగడం మొదలుపెట్టింది, మాత్ర వేసుకోమని. ఎవరం కదల్లేదు. అది మోగి మోగి ఆగిపోయింది.

నా బస్తాల్లో ఈ సందర్భానికి కూడా ఒకటి ఉంది. నోటిదాకా వచ్చింది. గిరిజ నా మొహం చూసి అది కనిపెట్టి చెయ్యెత్తింది. వణికే చెయ్యే, పిల్లల్ని ఆపేటట్టే ఎత్తింది.

"ఇంకేం తొందర లేదుగా," అంది. "మొదట్నుంచి వెయ్యి. సరిగ్గా."

చెప్పులు విడిచాను. ఆవిడ మొహం మీంచి కళ్ళు తీసి, తడిసిన పాదాల మీద పెట్టాను. మొదట్నుంచి వేశాను.